కాగితం సంచి మీద పాదం

మొన్న శనివారం సరుకులు తెచ్చుకుని కారు దిగేసరికి వాన అందుకుంది. చేతిలో ఉన్న కాగితం సంచులు రెండూ తడిసిపోయి, ఒకదాని అడుగు ఊడి ఉల్లిపాయలన్నీ వాకిట్లో దొర్లాయి. ఏరుకుందామని వంగితే ఆ తడిసిన గోధుమరంగు కాగితం వాసన ముక్కుకు తగిలింది. కాస్త రంపపు పొట్టు వాసన, కాస్త పాత పుస్తకాల అట్టల వాసన కలిసినట్టుంటుంది అది. ఉల్లిపాయలు అక్కడే వదిలేసి మెట్ల మీద కూర్చుండిపోయాను. మా అమ్మాయి తలుపు తీసి "ఏమైందమ్మా, పడ్డావా?" అంది. పడలేదు. ఇరవై ఏళ్ల కిందటి ఒక వరండా గుర్తొచ్చింది.

ఆ వరండా అలబామాలో, మాంట్‌గమరీలో ఉంది. నేను అమెరికా వచ్చిన కొత్తలో మొదటి ప్రాజెక్టు అక్కడే పడింది. అంతకుముందు ఆ ఊరి పేరు కూడా నేను వినలేదు. గవర్నమెంటు ఆఫీసులో పాత ప్రోగ్రాములు చూసుకునే కాంట్రాక్టు పని. మొదటి రెండు నెలలు మన తెలుగు అమ్మాయిలే నలుగురితో కలిసి అపార్ట్‌మెంట్‌లో ఉన్నాను. వంటకి వంతులు వేసుకునేవాళ్లం, ఆదివారాలు అంతా కలిసి బట్టలుతుక్కునేవాళ్లం. మెల్లగా ప్రశ్నలు మొదలయ్యాయి. మీ ఇంటిపేరేంటి, తెనాలి దగ్గర ఏ ఊరు, ఊళ్లో ఎటువైపు, మీరు క్రిస్మస్ చేస్తారా. ఒకరోజు చూస్తే వంటింట్లో నా గ్లాసు, నా ప్లేటు విడిగా ఇంకో అరలో ఉన్నాయి. ఎవరూ ఏమీ అనలేదు. ఏదన్నా అంటే తిరిగి అనొచ్చు, విడిగా పెట్టిన గ్లాసుతో ఏం మాట్లాడతాం? వారం తిరక్కుండా ఆఫీసు నోటీసు బోర్డు మీద 'గది అద్దెకు' అన్న కాగితం చూసి, ఒక నల్లజాతి పెద్దావిడ ఇంట్లోకి మారిపోయాను.

ఆవిడ పేరు ఇక్కడ రాయను. చుట్టుపక్కల వాళ్లందరూ పేరు ముందు 'మిస్' చేర్చి పిలిచేవాళ్లు. నేను మాత్రం మనసులో పెద్దమ్మ అనుకునేదాన్ని, ఇక్కడా అలాగే అంటాను. భర్త పోయాడు, పిల్లలు వేరే ఊళ్లలో ఉన్నారు. చెక్క ఇల్లు, ముందు వరండా, వరండాలో రెండు ఊగే కుర్చీలు. సాయంత్రమైతే ఒళ్లో పళ్లెం పెట్టుకుని బొబ్బర్ల కాయలు ఒలుస్తూ ఉండేది. అచ్చం మా నాయనమ్మలాగే, బొటనవేలి గోరుతో కాయ చీలుస్తూ. మొదటిరోజు అది చూసి, ఏం అడక్కుండానే పక్కన కూర్చుని నేనూ ఒలవడం మొదలుపెట్టాను.

*

కారు లేదు, లైసెన్సు లేదు. ఆఫీసుకి సిటీ బస్సే దిక్కు. గంటకో బస్సు, ఆదివారం అదీ లేదు. చిల్లర సరిగ్గా ఉంటేనే ఎక్కాలి, డ్రైవరు పక్కన డబ్బాలో వేస్తే గలగలమని కిందికి జారిపోయేది. కిటికీ పైనుంచి వేలాడే తాడు లాగితే 'టింగ్' మనేది, బస్సు ఉస్సురని ఒక పక్కకు వంగి ఆగేది. బస్సులో దాదాపు అందరూ నల్లవాళ్లే. హాస్పిటల్లో ఊడ్చేవాళ్లు, హోటళ్లలో పక్కలు సర్దేవాళ్లు, మందుల సంచితో ముసలివాళ్లు. ఎక్కగానే డ్రైవరుకు గుడ్ మార్నింగ్ చెప్పేవాళ్లు, దిగేటప్పుడు థాంక్యూ చెప్పేవాళ్లు. నాకు ఆ పలకరింపులు కొత్త.

నేను ఎప్పుడూ వెనకాల చివరి సీట్లోకి వెళ్లి కూర్చునేదాన్ని. ఆలోచించి చేసిన పని కాదు అది, కాళ్లే అటు నడిచేవి.

ఒకరోజు పెద్దమ్మా నేనూ కలిసి డౌన్‌టౌన్‌కి వెళ్తున్నాం. ఎక్కగానే అలవాటుగా నేను వెనక్కి నడిచాను. చూస్తే ఆవిడ రాలేదు. ముందు వరసలో కూర్చుని, పక్క సీటు మీద చేత్తో తట్టి నన్ను పిలిచింది. వెళ్లి కూర్చున్నాను. కోర్ట్ స్క్వేర్ ఫౌంటెన్ దగ్గర దిగేదాకా ఏమీ మాట్లాడలేదు. దిగాక మాత్రం అడిగింది, "మీ దేశంలో కూడా వెనక్కి పంపుతారా?" అని. ఏం చెప్పాలో తెలియక, "పంపరు, మేమే వెళ్తాం" అన్నాను. ఆవిడ నా మొహం వంక చాలాసేపు చూసింది.

*

మేమే వెళ్తాం అన్న మాట అబద్ధం కాదు, నిజమూ కాదు.

మాది తెనాలి చుట్టుపక్కల ఊరు. ఊరంటే ఊరు కాదు, పల్లె. ఊళ్లోవాళ్లు ఊళ్లో ఉంటారు, మేం కాలవ అవతల పల్లెలో ఉంటాం. రోజుకు రెండు బస్సులు, పొద్దున ఏడింటికి ఒకటి, సాయంత్రం ఒకటి. కాలవ వంతెన మీద హారన్ వినపడగానే నాయనమ్మ గంప నెత్తినెత్తుకుని పరుగు. గంపలో కూరగాయలో, గడ్డి చాపలో, ఏదో ఒకటి. బస్సు ఊరి సెంటర్లో బయల్దేరి మా మలుపు దగ్గర ఆగేది. డీజిలు, బీడీ, మల్లెపూలు, చేపలు, అన్ని వాసనలూ కలిసి మొహాన కొట్టేవి. సీట్లు ఖాళీగానే ఉండేవి. అయినా నాయనమ్మ వెనక తలుపులోంచి ఎక్కి, గంప కింద పెట్టి, దాని పక్కన నేల మీదే చతికిలబడేది. పల్లెవాళ్లందరూ అంతే. మగవాళ్లయితే కడ్డీ పట్టుకుని నిలబడేవాళ్లు. రూలు ఎక్కడా రాసిలేదు. కండక్టరు కూడా ఏమీ అనేవాడు కాదు. ఊళ్లో వీధుల్లో నడిచేటప్పుడు నాయనమ్మ చెప్పులు విప్పి చేత్తో పట్టుకునేది చూడండి, అట్లాంటిదే ఇదీ. ఎవరు నేర్పారో తెలియకుండా నేర్చుకున్నది.

మా నాన్న ఎలిమెంటరీ స్కూలు టీచరు. పల్లెలో మొదట ఉద్యోగం వచ్చింది ఆయనకే. ఆయన నాకు నిద్రపోయే ముందు కథలు చెప్పేవాడు కాదు, అంబేద్కర్ గురించి చెప్పేవాడు. 1901లో తొమ్మిదేళ్ల పిల్లాడిగా అన్నతో, మేనల్లుడితో కలిసి తండ్రిని చూడటానికి రైలెక్కి మసూర్ స్టేషన్లో దిగితే, వీళ్లు మహర్లని, అంటే అక్కడ అంటరానివాళ్లని తెలిసి ఒక్క బండివాడూ ఎక్కించుకోలేదట. రెట్టింపు డబ్బులిస్తామంటే ఒకడు ఒప్పుకున్నాడు గానీ, బండి పిల్లలే తోలుకోవాలి, బండివాడు పక్కన నడిచొస్తాడు. రాత్రంతా తాగడానికి నీళ్లు కూడా దొరకలేదట ఆ పిల్లలకి. నాన్న ఇది చెప్పిన ప్రతిసారీ నేను అడిగేది ఒకటే, "ఎద్దులు పిల్లల మాట విన్నాయా?" అని.

నాకు ఏడో ఎనిమిదో ఏళ్లున్నప్పుడు ఒకరోజు ముగ్గురం తెనాలి వెళ్తున్నాం. నాన్న ఎక్కుతూనే మధ్య వరసలో కిటికీ పక్కన కూర్చున్నాడు, నన్ను ఒళ్లో కూర్చోబెట్టుకున్నాడు. ఇస్త్రీ చొక్కా, జేబులో పెన్ను. నాయనమ్మ మామూలుగానే కింద కూర్చుంది. బస్సు కాస్త ముందుకెళ్లాక చెయ్యెత్తి ఆపి ఊళ్లో ఆసామి ఒకాయన ఎక్కాడు. చుట్టూ సీట్లున్నాయి. ఆయన ఎందులోనూ కూర్చోలేదు, మా పక్కన నిలబడి కండక్టరు వంక చూశాడు. కండక్టరు వచ్చి నాన్న చెవి దగ్గర వంగి "మాస్టారూ, చదువుకున్నోరు మీరు, కాస్త సర్దుకోండి" అన్నాడు. నాన్న కదల్లేదు. బస్సు ఆగిపోయింది. ఎవరూ మాట్లాడటం లేదు, ఇంజను మాత్రం గుడగుడమంటోంది. నాన్న గుండె నా వీపుకి కొట్టుకోవడం తెలుస్తోంది. అప్పుడు నాయనమ్మ కిందనుంచి చెయ్యి చాచి ఆయన చొక్కా అంచు పట్టి లాగింది. "ఎందుకొచ్చిన గొడవ నాయనా, లెగు."

నాన్న లేచాడు.

ఆ తర్వాత ఆయన ఆ బస్సెక్కలేదు. సైకిలు కొనుక్కుని, ఎండకీ వానకీ దాని మీదే తిరిగాడు. ఆయన లేచినందుకు నాకు చాలా ఏళ్లు కోపం ఉండేది. నాయనమ్మ మీద ఇంకా ఎక్కువ కోపం. తర్వాత 1991 ఆగస్టు 6న చుండూరు జరిగింది. సినిమా హాల్లో ఒక చదువుకున్న దళిత కుర్రాడి కాలు పైకులం వాడికి తగిలిందన్న గొడవతో మొదలై ఎనిమిది మందిని చంపేదాకా పోయింది. ఆ ఊరు మాకేం దూరం కాదు. ఆ నెలంతా మా పల్లెలో రాత్రిళ్లు ఎవరూ దీపం పెట్టలేదు. నాయనమ్మ ఆ చొక్కా ఎందుకు లాగిందో చీకట్లో పడుకున్న ఆ రాత్రుల్లో నాకు అర్థమైంది.

*

ఇదంతా బొబ్బర్లు ఒలుస్తూ పెద్దమ్మకు చెప్పాను, నా వచ్చీరాని ఇంగ్లీషులో. ఆవిడ విని లోపలికెళ్లి ఒక కాగితం సంచి తెచ్చింది. వరండా మీద పరిచి, "కాలు పెట్టు" అంది. పెట్టాను. పెన్సిలుతో నా పాదం చుట్టూ గీత గీసింది. చక్కిలిగింత పెట్టి నవ్వాను, ఆవిడ నవ్వలేదు.

వాళ్ల చిన్నప్పుడు చెప్పులైనా బూట్లైనా కొట్లో తొడిగి చూడనిచ్చేవాళ్లు కాదట. నల్లవాళ్లు వేసి చూసినవి తెల్లవాళ్లు కొనరని. అందుకని ఇంటి దగ్గరే ఇలా కాగితం సంచి మీద పాదం గీసుకుని, కత్తిరించి, దాన్ని కొట్టుకి తీసుకెళ్లి కొలత చూసి కొనేవాళ్లు. ఒక్కోసారి ఇంటికొచ్చాక బిగుతయ్యేవి. అయినా వాపసు లేదు. వాళ్లమ్మ వంటింటి గూట్లో పిల్లలందరి పాదాల కాగితాలు దొంతరగా ఉండేవట. వాన పట్టినప్పుడు ఆ గూడు తెరిస్తే ఇదిగో, ఈ తడి కాగితం వాసన.

"మా అక్క క్లాసులో ఒక పిల్ల ఉండేది, ఈ బూట్ల సంగతే అడిగేది, ఎందుకు తొడిగి చూడనివ్వరు అని" అంటూ ఆ సాయంత్రం మొదటిసారి క్లాడెట్ కాల్విన్ పేరు చెప్పింది. బస్సులో సీటు వదలనన్న నల్లావిడ అంటే అప్పటికి నాకు రోజా పార్క్స్ ఒక్కటే తెలుసు. ఊళ్లో ఎటు చూసినా ఆ పేరే. క్లాడెట్ పేరు నేను తిరిగిన దారుల్లో ఏ బోర్డు మీదా చూడలేదు.

*

పెద్దమ్మ చెప్పింది కొంత, తర్వాత నేను వెతుక్కుని చదువుకున్నది కొంత.

అప్పట్లో మాంట్‌గమరీ బస్సుల్లో 36 సీట్లు. ముందు పది తెల్లవాళ్లవి, అవి ఖాళీగా ఉన్నా నల్లవాళ్లు కూర్చోకూడదు. నల్లవాళ్లు ముందు తలుపులో ఎక్కి డబ్బులు కట్టి, దిగి, వెనక తలుపు దగ్గరికి నడిచి మళ్లీ ఎక్కాలి. ఆ నడిచే లోపల ఒక్కోసారి డ్రైవరు బస్సు పోనిచ్చేసేవాడు, డబ్బులు పోయినట్టే. ఎక్కేవాళ్లలో నాలుగింట మూడొంతులు నల్లవాళ్లే అయినా ఇదీ పద్ధతి. మధ్య వరసల్లో కూర్చోవచ్చు, తెల్లవాళ్లు ఎక్కువైతే మాత్రం లేవాలి. ఒక తెల్లామె కూర్చోవాలంటే ఆ వరసలో ఉన్న నల్లవాళ్లు మొత్తం ఖాళీ చెయ్యాలి, ఒక్క వరసలో ఇద్దరూ కూర్చుంటే సమానమైపోతారు కదా.

1955 మార్చి 2. క్లాడెట్‌కి పదిహేనేళ్లు. బుకర్ టి. వాషింగ్టన్ హైస్కూల్లో చదువుతోంది. బడి వదిలాక స్నేహితురాళ్లతో డౌన్‌టౌన్‌లో బస్సెక్కింది. ఒక తెల్లామె వచ్చి వీళ్ల వరస దగ్గర నిలబడింది. డ్రైవరు లేవమన్నాడు. ముగ్గురు పిల్లలు లేచి వెనక్కి వెళ్లిపోయారు. ఆ వరసలో మూడు సీట్లు ఖాళీ. ఆవిడ కూర్చోవచ్చు, కూర్చోలేదు. ఎందుకంటే నాలుగో సీట్లో కిటికీ పక్కన క్లాడెట్ ఇంకా కూర్చునే ఉంది.

పెద్దమ్మ ఇక్కడిదాకా చెప్పేసరికి నా చేతిలో కాయ ఉండిపోయింది. చుట్టూ సీట్లు ఖాళీగా ఉండగా మా పక్కన నిలబడి కండక్టరు వంక చూసిన ఆసామి కళ్లముందుకొచ్చాడు. సముద్రాలకి ఇవతల, నేను పుట్టకముందే జరిగిపోయిన సంగతి. అదే వరస, అదే నిలబడటం.

అంతకుముందు నెలంతా బడిలో నల్లవాళ్ల చరిత్ర చెప్పారట, రాజ్యాంగం చదివించారట. బానిసత్వం మీద పోరాడిన నల్లజాతి ఆడవాళ్లిద్దరు, ఒక భుజాన్ని హ్యారియెట్ టబ్‌మన్, ఇంకో భుజాన్ని సోజర్నర్ ట్రూత్ కిందికి నొక్కిపట్టినట్టు అనిపించిందని, అందుకే లేవలేకపోయానని క్లాడెట్ తర్వాత ఎన్నోసార్లు చెప్పింది. పోలీసులొచ్చారు. నేను డబ్బు కట్టాను, ఇది నా రాజ్యాంగ హక్కు అని ఆ పిల్ల ఏడుస్తూనే అరిచింది. పుస్తకాలు ఒళ్లోంచి జారి పడుతుంటే చేతులు పట్టి లాక్కెళ్లారు. సంకెళ్లు వేశారు. కారులో దారంతా వెకిలి మాటలు. పిల్లల్ని ఉంచే చోటుకి కాకుండా పెద్దవాళ్ల జైలుకి తీసుకెళ్లి గదిలో పెట్టి తాళం వేశారు. ఆ తాళం చప్పుడు ఆవిడ జీవితాంతం మర్చిపోలేదు. లోపల ఏడ్చి, పరలోక ప్రార్థన చెప్పుకుంది, ఇరవై మూడో కీర్తన చెప్పుకుంది.

ఆ మాట వినగానే నాకు మా నాయనమ్మ కనపడింది. చదువు రాదు ఆమెకు. ఇరవై మూడో కీర్తన మాత్రం మొత్తం నోటికొచ్చు. ఉరుములకి, కడుపునొప్పికి, చుండూరు తర్వాత ఆ చీకటి రాత్రుల్లో, ఎప్పుడు భయమేసినా అదే. ఆ రాత్రి నేనూ పెద్దమ్మా వరండాలో అదే కీర్తన చెప్పుకున్నాం, ఆవిడ ఇంగ్లీషులో, నేను తెలుగులో. ఒకరి వెనక ఒకరం. ఆవిడ ముందే అయిపోయి, నాది అయ్యేదాకా కళ్లు మూసుకుని కూర్చుంది.

*

చర్చి పాస్టరుగారు కారులో క్లాడెట్ వాళ్లమ్మని తీసుకెళ్లి జామీను మీద విడిపించారు. పెంచిన తండ్రి ఆ రాత్రంతా తుపాకీ పట్టుకుని మేలుకునే ఉన్నాడు. కేసు మూడు రకాలుగా పెట్టారు: బస్సు చట్టం ఒకటి, అల్లరి ఒకటి, పోలీసు మీద చెయ్యి చేసుకుందని ఒకటి. అప్పీలులో మొదటి రెండూ తీసేసి చివరిది ఉంచారు. ఆ తీసెయ్యడంలో ఉన్న తెలివి చూడండి. బస్సు చట్టం కేసు లేకపోతే ఆ చట్టం తప్పని పై కోర్టుకి ఎట్లా వెళ్తారు?

మళ్లీ బడికొచ్చిన క్లాడెట్‌ని పిల్లలు ఏడిపించారు. ఇది నా రాజ్యాంగ హక్కు అని ఆ పిల్ల అరిచిన అరుపుని వరండాల్లో వెక్కిరించేవాళ్లు. పిచ్చిది అన్నారు. పెద్దమ్మ వాళ్లక్క ఆ పిల్లతో మాట్లాడటం మానేసిందట, వాళ్లమ్మ చెప్పింది కాబట్టి. ఆ తల్లి తెల్లవాళ్ల ఇంట్లో పని చేసేది. పని పోతుందని భయం. "మా అమ్మ చెడ్డది కాదు" అంది పెద్దమ్మ. నాయనమ్మ గురించి నేను వాడిన మాట కూడా సరిగ్గా అదే.

పెద్దవాళ్లు మొదట క్లాడెట్ వెనక నిలబడ్డారు. లాయరు ఫ్రెడ్ గ్రే వచ్చాడు, చందాలు పోగుచేశారు, బస్సు కంపెనీతో మాట్లాడటానికి వెళ్లిన వాళ్లలో అప్పటికి ఇరవై ఆరేళ్ల కుర్ర పాస్టరు మార్టిన్ లూథర్ కింగ్ కూడా ఉన్నాడు. రోజా పార్క్స్ నడిపే పిల్లల సమావేశాలకి క్లాడెట్ వెళ్లేది. కానీ ఉద్యమానికి ముందు నిలబెట్టే మనిషిగా ఆ పిల్లని ఒప్పుకోలేకపోయారు. చిన్నది, కోపిష్టి, పేదల పేటలో పిల్ల, ఒంటి రంగు బాగా నలుపు. ఆ ఎండాకాలంలోనే గర్భవతయింది, పెళ్లి లేదు. పత్రికలవాళ్లు ఆ పిల్లని చీల్చి చెండాడతారని భయపడ్డారు. వాళ్ల లెక్క నాకు అర్థమవుతుంది. అర్థమైనా ఈ ఒక్క చోట నాకు కడుపులో కలుక్కుమంటుంది. సంకెళ్లు వేయించుకోవడానికి పనికొచ్చిన పిల్ల పోస్టరు మీదకి పనికిరాకుండా పోయింది. అక్టోబరులో పద్దెనిమిదేళ్ల మేరీ లూయిస్ స్మిత్ కూడా సీటు ఇవ్వనని అరెస్టయింది, ఆమెనీ పక్కన పెట్టారు. డిసెంబరు 1న రోజా పార్క్స్ సీటు ఇవ్వనని అరెస్టయింది, దాంతో ఊళ్లో నల్లవాళ్లంతా బస్సెక్కడం మానేసి నడవడం మొదలుపెట్టారు. అక్కణ్ణుంచి కథ అందరికీ తెలుసు.

*

ఆ నడకల సంగతి మాత్రం పెద్దమ్మ స్వయంగా చూసింది. అప్పటికి ఆవిడకి తొమ్మిదో పదో ఏళ్లు. డిసెంబరు 5 సోమవారం పొద్దున వీధిలోకి వచ్చి చూస్తే బస్సు ఖాళీగా పోతోందట, డ్రైవరు ఒక్కడే లోపల. పిల్లలంతా దాని వెనక కొంతదూరం పరిగెత్తారట. నలభై వేలమంది దాకా బస్సు మానేశారు. వాళ్లమ్మ పొద్దున చీకటితో లేచి నడిచేది, సాయంత్రం చీకటి పడ్డాక నడిచొచ్చేది. బూట్ల అడుగులు అరిగి చిల్లులు పడితే అట్టముక్కలు కత్తిరించి లోపల పెట్టుకునేది. వాన పడితే ఆ అట్ట కూడా నాని మెత్తబడేది. వేడినీళ్లలో ఉప్పు వేసి పిల్లలు ఆమె కాళ్లు పెట్టించేవాళ్లు. చర్చి వాళ్ల కార్లు కొన్ని తిరిగేవి గానీ అందరికీ ఏం సరిపోతాయి? ఆ ఏడాదిలో వాళ్లమ్మ కాగితం సంచి మీద తన పాదం రెండుసార్లు గీసుకుందట. మామూలుగా రెండు మూడేళ్లకోసారి.

381 రోజులు. నేను లెక్క విని "ఏడాది దాటిందే!" అన్నాను. "మాకు పండగలాగా ఉండేది, చిన్నపిల్లలం కదా, రాత్రిళ్లు చర్చిలో పాటలు" అంది ఆవిడ.

బస్సుల్లో ఆ చట్టాన్ని చివరికి కొట్టేయించింది కోర్టు కేసు. ఆ కేసులో రోజా పార్క్స్ లేదు. అరీలియా బ్రౌడర్, సూసీ మెక్‌డొనాల్డ్, మేరీ లూయిస్ స్మిత్, క్లాడెట్ కాల్విన్, ఈ నలుగురు ఆడవాళ్లు. పక్కన పెట్టిన పిల్లలిద్దరినీ ఫ్రెడ్ గ్రే మళ్లీ పిలిచాడు. 1956 మార్చిలో కొడుకు పుట్టాడు, మే 11న క్లాడెట్ ఫెడరల్ కోర్టులో బోనెక్కింది. నెలన్నర పసివాణ్ణి ఇంట్లో వదిలి వచ్చిన పదహారేళ్ల తల్లి. నగరం తరఫు లాయరు, మీ నాయకుడు ఎవరు, కింగే కదా మిమ్మల్ని రెచ్చగొట్టింది అని తిప్పి తిప్పి అడిగితే, మాకు మేమే అని చెప్పింది. జూన్‌లో ముగ్గురు జడ్జీల్లో ఇద్దరు ఆ చట్టం చెల్లదన్నారు. నవంబరు 13న సుప్రీంకోర్టు ఖాయం చేసింది. డిసెంబరులో జనం మళ్లీ బస్సెక్కారు, ముందు తలుపులోంచి, ముందు సీట్లలోకి.

క్లాడెట్‌కి ఆ ఊళ్లో పని దొరకలేదు. పేరు తెలిస్తే తీసేసేవాళ్లు. 1958లో న్యూయార్క్ వెళ్లిపోయింది. అక్కడ ముసలివాళ్లని చూసుకునే నర్సింగ్ హోమ్‌లో సహాయకురాలిగా మూడున్నర దశాబ్దాలు చేసి, 2004లో రిటైరైంది. పెద్దమ్మా నేనూ ఆ వరండాలో ఆవిడ గురించి మాట్లాడుకుంటున్న సాయంత్రాల్లో ఆవిడ అక్కడ ఇంకా డ్యూటీకి వెళ్తూనే ఉందన్నమాట. ఎవరికో దుప్పటి కప్పుతూ, ఎవరినో పక్కకి ఒత్తిగిల్లిస్తూ.

*

ప్రాజెక్టు అయిపోయి నేను ఆ ఊరు వదిలిన రోజు పెద్దమ్మ నా పాదం గీసిన సంచి ముక్క మడిచి చేతిలో పెట్టింది. ఎన్ని ఇళ్లు మారినా పోకుండా చాలా ఏళ్లు ఉంచాను, చివరికి ఒకసారి బేస్‌మెంట్‌లోకి నీళ్లొచ్చినప్పుడు పోయింది. ఆవిడ కూడా పోయింది. కబురు నాకు ఆలస్యంగా తెలిసింది, అంత్యక్రియలకి వెళ్లలేకపోయాను. ఆ బాధ అలాగే ఉంది.

తర్వాత కొన్నేళ్లకి మా అమ్మాయిని తీసుకుని మాంట్‌గమరీ వెళ్లాను. ఆ వరండా ఇల్లు లేదు, ఖాళీ స్థలంలో గడ్డి. కోర్ట్ స్క్వేర్ ఫౌంటెన్ అలాగే ఉంది. దాని దగ్గరే 2019 డిసెంబరు 1న పెట్టిన రోజా పార్క్స్ విగ్రహం ఉంది. దాంతోపాటు ఆ కేసులో నలుగురు ఆడవాళ్లకి నాలుగు రాతి గుర్తులు కూడా ఉన్నాయి. మా అమ్మాయి ఒక్కో పేరూ గట్టిగా చదివింది. క్లాడెట్ దగ్గరకొచ్చేసరికి నేను వంగి రాయి మీద చెయ్యి పెట్టాను. ఎండకి కాలింది. తీయలేదు.

ఆ పోలీసు మీద చెయ్యి చేసుకుందన్న కేసు ఇన్నేళ్లూ ఆవిడ పేరు మీద అలాగే ఉండిపోయిందని నాకు 2021లో తెలిసింది. పదిహేనేళ్ల పిల్లకి వేసిన ప్రొబేషన్, అంటే కోర్టు నిఘా, అయిపోయిందని ఎవరూ ఆవిడకి చెప్పలేదు. ఊరొస్తే మళ్లీ ఏమన్నా చేస్తారేమోనని ఇంట్లోవాళ్లు టెన్షన్ పడుతూనే ఉండేవాళ్లట. 82 ఏళ్ల వయసులో కోర్టుకి అర్జీ పెట్టుకుంది, మనవలకీ మునిమనవలకీ తెలియాలని. మాంట్‌గమరీ జువెనైల్ కోర్టు జడ్జి ఆ రికార్డు కొట్టేశాడు. 66 ఏళ్లు పట్టింది. ఆ వార్త చదివి ఆఫీసు కారు పార్కింగ్‌లో కూర్చుని ఏడ్చాను. పెద్దమ్మకి ఫోన్ చేద్దామని నంబరు కూడా తీశాను, ఆవిడ లేదన్న సంగతి అప్పుడు గుర్తొచ్చింది.

*

ఉల్లిపాయలు ఏరి లోపల పెట్టాక ఆ రాత్రి అమ్మకి ఫోన్ చేశాను. అమ్మ ఇప్పుడు తెనాలిలో తమ్ముడి దగ్గర ఉంటోంది. 2025 ఆగస్టు 15 నుంచి ఆడవాళ్లకి బస్సు ఫ్రీ అయింది కదా, ఆధార్ చూపించి సున్నా టికెట్ తీసుకుని వారానికోసారి పల్లెకి వెళ్లొస్తోంది. ఎక్కడ కూర్చుంటావమ్మా అని అడిగితే, "ఎక్కడ ఖాళీ ఉంటే అక్కడ, ఉంటే గదా, ఆడోళ్లంతా కిటకిటలాడుతుంటే" అంది.

ఇన్నేళ్లలో క్లాడెట్ సంగతి అమ్మకి ఎప్పుడూ మొత్తం చెప్పలేదు. ఆ రాత్రి చెప్పాను. సంకెళ్లు వేశారంటే "అయ్యో, పసిదాన్నా?" అంది. మూడు సీట్లు ఖాళీగా ఉన్నా ఆ తెల్లామె కూర్చోలేదంటే చాలాసేపు మాట్లాడలేదు. ఫోన్ కట్టయిందేమో అనుకున్నాను.

"మీ నాయనమ్మ కూడా కూర్చుంది, తెలుసా?" అంది తర్వాత.

నాకు తెలియదు. నేను హాస్టల్లో ఉన్నప్పటి సంగతట. నాయనమ్మ ఒక్కతే తెనాలి నుంచి వస్తూ, ముందు తలుపులోంచి ఎక్కి, రెండో వరసలో కిటికీ పక్కన కూర్చుందట. గంప ఒళ్లో పెట్టుకుని. బస్సు నిండిపోయింది, జనం నిలబడ్డారు గానీ ఆమె పక్కన ఉన్న సీట్లో ఎవ్వరూ కూర్చోలేదు. మా మలుపు దాకా ఆ సీటు అలాగే ఖాళీగా వచ్చింది. ఇంటికొచ్చి చెంబెడు నీళ్లు తాగి అమ్మతో చెప్పింది, వాడికి చెప్పమాకు, పెద్ద ఉపన్యాసం మొదలెడతాడు అని. ఎందుకు కూర్చున్నావత్తా అని అమ్మ అడిగితే, "నడుం నొప్పేసిందే, అందుకని" అందట.

"నిజంగానే నొప్పా?" అని అడిగాను.

"ఏమోనమ్మా. ఆ సాయంత్రం కాలవ కట్ట మీద నుంచి ఇంత కట్టెల మోపు నెత్తినెత్తుకొచ్చింది" అంది అమ్మ.